కలల వాచీ కొన్నాక పాతవాటిని తగ్గించుకోవాలా? తేల్చుకునే పద్ధతి

ఎన్నో ఏళ్ళుగా ఆశపడిన వాచీ ఇంటికి వచ్చిన మొదటి వారంలో పాత వాచీల పెట్టె తెరిచి చూస్తే, నిన్నటిదాకా ముద్దొచ్చినవన్నీ ఒక్కసారిగా చిన్నబోయినట్టు కనిపిస్తాయి. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత ఇలాంటి వారంలోనే పుట్టి ఉంటుంది. ఆ ఊపులో కొందరు పెట్టె మొత్తం అమ్మకానికి పెట్టి, ఆరు నెలలు తిరక్కుండానే అవే వాచీలను ఎక్కువ ధరకు మళ్ళీ వెతుక్కుంటారు. మరికొందరు ఒక్కదాన్నీ కదిలించలేక, సెల్లులు కారి, బెల్టులు పొరలుగా ఊడిపోయేదాకా అలాగే ఉంచేస్తారు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఇరవై ఏళ్ళలో పద్నాలుగు వాచీలు పోగుచేసి, పదిహేనవదిగా ఒమేగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ కొన్న నేను ఈ రెండు తప్పుల అంచుదాకా వెళ్ళి వచ్చాను. ఆ క్రమంలో నాకు పనికొచ్చిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, ఆ పెద్ద వాచీకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది. దాచుకున్న సొమ్ముతో కొన్నవారికి తొందరేమీ లేదు కాబట్టి, కింద చెప్పే గడువులన్నీ నిదానంగా పాటించవచ్చు. చీటీ పాడుకుని కొన్నవారి సంగతి, క్రెడిట్ కార్డు వాయిదాల మీద కొన్నవారి సంగతి, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి కొన్నవారి సంగతి వేరు. నెలనెలా వాయిదా కడుతూ, చేతికి పెట్టుకోని అరడజను వాచీలను బీరువాలో ఉంచుకోవడమంటే ఆ అరడజనుకూ వడ్డీ కడుతున్నట్టే లెక్క. అటువంటివారు బాకీ ఎంతో ఒక కాగితం మీద రాసుకుని, నేను కాసేపట్లో చెప్పబోయే 'బదులు వాచీల'ను వెంటనే అమ్మి, ఆ మేరకు బాకీ తగ్గించుకోవాలి. మిగతా ఆలోచన ఆ తరవాతే.

బాకీ లేనివారికి మాత్రం నేను చెప్పే మొదటి నియమం ఒక్కటే: సంక్రాంతికి కొన్న వాచీ అయితే రోహిణి కార్తె దాటేదాకా మరే వాచీనీ అమ్మకూడదు. మన ఊరి ఎండను చూసే ఈ గడువు పెట్టుకున్నాను. జనవరి సాయంత్రాల్లో బందరు రోడ్డు వెంట ఎంత దూరం నడిచినా చొక్కా తడవదు కనుక, ఆ రోజుల్లో ఏ వాచీ అయినా అన్ని పనులకూ సరిపోతుందనే అనిపిస్తుంది. అదే మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర దీపం పడి, బండి మీద రెండు నిమిషాలు నిలబడితే చాలు, తోలు బెల్టు కింద మణికట్టు నానిపోయి దురద మొదలవుతుంది. స్పీడ్‌మాస్టర్ 1957లో కారు పందేలను దృష్టిలో పెట్టుకుని తయారై, 1969లో చంద్రుడి మీదికి వెళ్ళినవారి చేతికి ఉన్న వాచీ. అయినా అది నీటిని తట్టుకునే పరిమితి 50 మీటర్లే. నేను కొన్న రకానికి ఉన్నది హెసలైట్ అనే ప్లాస్టిక్ జాతి అద్దం, తలుపు గడియ తగిలినా గీత పడుతుంది. రోజూ కీ ఇవ్వాలి, పైగా తేదీ చూపించదు. ఇవన్నీ కొనకముందు కూడా నాకు తెలుసు. కానీ వరసగా పాతిక కాగితాల మీద సంతకం చేసి తేదీ వేయవలసి వచ్చినప్పుడు మణికట్టు వైపు చూసి, అక్కడ తేదీ లేక గోడ మీది క్యాలెండర్ కోసం మెడ తిప్పిన రోజున గానీ అవి నాకు అనుభవానికి రాలేదు. కలల వాచీ ఏ పనికి రాదో తెలియకుండా, మిగతావాటిలో ఏది అక్కర్లేదో చెప్పడం సాధ్యం కాదు. ఆ సంగతి తేల్చేది ఒక వేసవే.

ఈ దాదాపు అయిదు నెలల పాటు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోవాలి. ప్రతిరోజూ ఏ వాచీ పెట్టుకున్నారో, ఎందుకు పెట్టుకున్నారో ఒక్క వాక్యంలో రాయాలి. ఎన్నిసార్లు అన్నదానికంటే ఎందుకు అన్నదే ముఖ్యం. "వాన వచ్చేలా ఉంది కాబట్టి", "పెళ్ళికి కాబట్టి", "తేదీ కావాలి కాబట్టి" అని రాసిన రోజులు ఆ వాచీ ఖాతాలో జమ అవుతాయి. "పాపం, పెట్టుకుని చాలా రోజులైంది కాబట్టి" అని రాసిన రోజులను లెక్కలోంచి తీసేయాలి. జాలి మీద చేతికెక్కిన వాచీ మధ్యాహ్నానికల్లా బల్ల మీదికి చేరుతుంది. నా పుస్తకంలో అలాంటి రోజులు పదకొండు తేలాయి, వాటిలో ఎనిమిది రెండే రెండు వాచీలవి. చూసేవారికి ఇది కొంచెం వెర్రిగా ఉంటుందని ఒప్పుకుంటాను. మా ఇంట్లో "పాల లెక్క రాయమంటే రాయరు గానీ, ఇదేం లెక్కండీ" అన్నారు.

గడువు తీరాక పుస్తకం ముందు పెట్టుకుని మొదట వెతకవలసినవి బదులు వాచీలు. పెద్ద వాచీ కొనలేని రోజుల్లో దాని పోలిక ఉందన్న కారణంతో, ఆ ఆశను కొన్నాళ్ళు చల్లార్చుకోవడానికి కొన్నవాటిని నేను అలా పిలుస్తాను. వీటిని గుర్తుపట్టడానికి ఒక సులువైన దారి ఉంది. కొన్నరోజున మీరు స్నేహితులకు ఆ వాచీని ఎలా చూపించారో జ్ఞాపకం చేసుకోండి. "అచ్చం దానిలాగే ఉంది కదా" అని చూపించి ఉంటే అది బదులు వాచీయే. నా దగ్గర అటువంటివి మూడు ఉండేవి. నల్ల డయల్ మీద మూడు చిన్న వలయాలున్న సెల్లు క్రోనోగ్రాఫ్ (స్పీడ్‌మాస్టర్‌లాగే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) ఒకటి, తెల్ల డయల్ మీద నల్ల వలయాలున్న మరో సెల్లు క్రోనోగ్రాఫ్ ఒకటి, కీ ఇచ్చే చైనా సీగల్ 1963 క్రోనోగ్రాఫ్ ఒకటి. అసలు వాచీ చేతికి వచ్చాక మొదటి రెండింటికీ చెప్పుకోవడానికి ఏ కారణమూ మిగల్లేదు, పుస్తకంలో వాటి పేరు జాలి రోజుల్లో తప్ప కనిపించనూ లేదు. కలల వాచీ వచ్చాక తగ్గించుకోవడమంటే నా దృష్టిలో ముఖ్యంగా ఈ బదులు వాచీలను పంపించడమే. పోలిక లేని వాచీలు దాని రాకవల్ల ఏమీ నష్టపోలేదు. డైవింగ్ వాచీ నిన్న చేసిన పనే ఇవాళా చేస్తుంది.

అయితే బదులుగా వచ్చినదల్లా వెళ్ళిపోవాలని కూడా లేదు. సీగల్ 1963 విషయంలో నేను దాదాపు పొరపాటు చేశాను. అందులోని యంత్రం స్విట్జర్లాండుకు చెందిన వీనస్ 175 వంశానికి చెందినది. మరమ్మతు చేసేవారు యంత్రాన్ని మిషను అంటారు కాబట్టి నేనూ ఇకనుంచి అలాగే అంటాను. ఆ మిషనులో స్టాప్‌వాచ్‌ను నడిపించి ఆపేది కాలమ్ వీల్ అనే బురుజు ఆకారపు చిన్న చక్రం. నా స్పీడ్‌మాస్టర్‌లో అదే పనిని క్యామ్ అనే పలక చేస్తుంది, పైగా దాని వెనక మూత లోహంతో మూసి ఉంటుంది కాబట్టి అదీ కనిపించదు. సీగల్ వెనక అద్దంలోంచి ఆ చక్రం ఒక్కో పన్ను చొప్పున తిరగడం చూడవచ్చు. ఎన్నో రెట్లు ఖరీదైన వాచీ ఇవ్వలేనిది అది ఇస్తోంది కనుక దాన్ని ఉంచుకున్నాను. బదులు వాచీని అమ్మేముందు "ఇందులో ఉండి అందులో లేనిది ఏమిటి" అని ఒక్కసారి అడగాలి. జవాబు రంగు, బెల్టు లాంటిదైతే అమ్మేయవచ్చు.

నోటు పుస్తకం చెప్పినదాన్ని వెంటనే నమ్మకుండా మరో పరీక్ష పెట్టుకోవడం మంచిది. నేను అమ్మదలచిన ఆరింటిని ఒక పెట్టెలో సర్ది, గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా బావమరిది ఇంట్లో రెండు నెలలు ఉంచమని ఇచ్చి వచ్చాను. రెండు క్రోనోగ్రాఫులు, సీగల్, ఒక సీకో 5, ఒక ఓరియంట్ బాంబినో, తగ్గింపు ధర చూసి కొన్న రెండో డైవింగ్ వాచీ అందులో ఉన్నాయి. అదే ఇంట్లో పై అరలో పెడితే పరీక్ష జరగదు, అర్ధరాత్రి కుర్చీ వేసుకుని తీసుకుంటాం. గుంటూరు గంట ప్రయాణమే అయినా, ఆ గంట ప్రయాణానికి మనసు ఒప్పుకుందా లేదా అన్నదే ఇక్కడ కొలత. మూడు వారాలకే ఏదో పని కల్పించుకుని వెళ్ళి సీకో 5 వెనక్కి తెచ్చుకున్నాను. "బావా, రెండు నెలలన్నావు, నెల కూడా కాలేదు" అని బావమరిది నవ్వాడు. తేదీ, వారం రెండూ ఒకే కిటికీలో చూపించే ఆ వాచీని మా పెదనాన్నగారి అబ్బాయి కువైట్ నుంచి తెచ్చాడు. వారం పేరు ఇంగ్లీషులోనే కాక అరబిక్‌లోనూ పడుతుంది. తేదీ వేసే పనికి నాకు కావలసింది అదేనని బ్యాంకులో కూర్చున్నాక తెలిసింది. సీగల్‌ను రెండో నెలలో తెచ్చుకున్నాను. మిగతా నాలుగింటి కోసం నేను ఎప్పుడూ వారధి దాటలేదు.

ఉంచుకునే ఖర్చును చాలామంది లెక్కలోకి తీసుకోరు. కీ ఇచ్చేవైనా, చేతి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్‌వైనా మిషను లోపలి నూనె కాలక్రమాన చిక్కబడి ఎండిపోతుంది. అయిదారేళ్ళకోసారి విప్పి, కడిగి, మళ్ళీ నూనె వేయించాలి. నా పదిహేనింటిలో అలాంటివి ఎనిమిది. ఒక్కోదానికి ఆరేళ్ళు వేసుకున్నా మూడేళ్ళలో నాలుగు సర్వీసింగులు తప్పవు. హెచ్‌ఎంటీ అయితే బీసెంట్ రోడ్డు పరిసరాల్లో చెయ్యి తిరిగినవారి దగ్గర కొన్ని వందల్లో అయిపోతుంది. స్పీడ్‌మాస్టర్ లాంటి క్రోనోగ్రాఫ్‌ను కంపెనీ సర్వీసు కేంద్రానికి పంపితే పదుల వేలల్లో లెక్క పెట్టుకోవాలి, వారాల తరబడి చేతిలో ఉండదు కూడా. కొత్తది ఒక్కటి ఉంటే చాలు, మిగతావన్నీ అమ్మేస్తానని ఆవేశపడేవారు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. అది సర్వీసుకు వెళ్ళిన వారాల్లో పెట్టుకోవడానికి ఇంకొకటైనా ఉండాలి. సెల్లు వాచీలకు సర్వీసింగు బాధ తక్కువే కానీ, అయిపోయిన సెల్లును లోపలే వదిలేస్తే అది కారి సర్క్యూట్‌ను తినేస్తుంది. సంవత్సరం పాటు పెట్టుకోనిదానిలోంచి సెల్లు తీయించేయాలి. తీయించే ఓపిక కూడా లేకపోతే ఆ వాచీ మీకు అక్కర్లేదని అర్థం.

నీటి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. డయల్ మీద 50 మీటర్లు, 200 మీటర్లు అని రాసినది వాచీ కొత్తగా, లోపలి రబ్బరు వలయాలు మెత్తగా ఉన్న రోజున పెట్టిన పరీక్షకు సంబంధించిన అంకె. నా మొదటి డైవింగ్ వాచీ సీకో ఎస్‌కేఎక్స్ 007 పేరుకు 200 మీటర్లదే. దాని తయారీ 2019లో ఆగిపోయింది, నాది అంతకు చాలా ముందు కొన్నది. వలయాలు మార్పించకుండా దాన్ని పెట్టుకుని కృష్ణలో స్నానానికి దిగను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్ సింగ్ నగర్‌లోని మా బంధువుల ఇంట్లో కింది అరలో ఉన్న వాచీలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. అవి పోవడం ఒక ఎత్తు, వాటి బిల్లులూ వారంటీ కార్డులూ ముద్దయిపోవడం ఇంకో ఎత్తు. ఎన్ని ఉంచుకోవాలన్న ప్రశ్నలో, ఆపద వేళ చేతి సంచిలో ఎన్ని పడతాయన్నది కూడా ఒక భాగమేనని అప్పటినుంచి అనుకుంటున్నాను.

జ్ఞాపకాల వాచీలను ఈ లెక్కలన్నిటికీ అవతల పెట్టాలి. మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా నోటు పుస్తకంలో అన్ని నెలల్లో మూడుసార్లే కనిపించింది, అయినా దాని గురించి నేను ఆలోచించలేదు. హెచ్‌ఎంటీ బెంగళూరులో సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో వాచీల తయారీ మొదలుపెట్టింది, వాచీల విభాగాన్ని మూసివేయడానికి కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. ఆ మధ్య కాలంలో ఉద్యోగాల్లో చేరిన తరంలో ఎందరి చేతికో ఈ పేరే ఉండేది. కానీ జ్ఞాపకం అనే మాటను అతిగా వాడుకునే ప్రమాదమూ ఉంది. ఏ మనిషి వల్ల, ఏ రోజు వల్ల అది ముఖ్యమో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే దాన్ని ఈ కోవలో వేయాలి. నాన్నగారు రోజూ పొద్దున కాఫీకి ముందు కీ ఇచ్చేవారు అన్నది జ్ఞాపకం. చాలాకాలంగా ఉంది అన్నది వట్టి అలవాటు. నా దగ్గరున్న హెచ్‌ఎంటీ పైలట్ ఈ రెండో రకం. పాతదని నమ్మి కొన్నాక, డయల్‌కు కొత్తగా రంగు వేసి నాలుగైదు వాచీల ముక్కలు కలిపి చేసినదని తేలింది. దాన్ని ఎవరికైనా ఇస్తే ఆ మాట చెప్పే ఇవ్వాలి. ఇప్పటికి ఇంట్లోనే ఉంది.

ఇక అమ్మే పద్ధతి. తక్కువ ధర పలికేవాటిని అమ్మడానికి పడే తంటా వచ్చే డబ్బుకు సరిపోదు, అలాంటివాటిని ఇచ్చేయడమే మేలు. నా జీ-షాక్‌ను మా మేనల్లుడికి ఇచ్చాను. "మావయ్యా, నిజంగా నాకేనా" అని వాడు రెండుసార్లు అడిగాడు, అమ్మితే వచ్చే సొమ్ముకు ఆ ముఖం దొరకదు. ఎవరో బహుమతిగా ఇచ్చిన ఫ్యాషన్ కంపెనీ వాచీని, ఇచ్చినవారికి తెలిసే అవకాశం లేని చోట, తెలిసినవారి అబ్బాయికి ఇచ్చాను. అమ్మదగినవాటికి ధర పెట్టేటప్పుడు ఇతరులు అడుగుతున్న ధరలు చూసి మోసపోకూడదు, నిజంగా అమ్ముడుపోయిన ధరలనే ప్రమాణంగా తీసుకోవాలి. అమ్మే ముందు పాలిష్ పట్టించడం, పాత డయల్‌కు రంగు వేయించడం చేయకూడదు. వాచీల సంగతి తెలిసిన కొనుగోలుదారు గీతలకు తగ్గించే దానికంటే పాలిష్‌కు తగ్గించేది ఎక్కువ. పెట్టె, బిల్లు, వారంటీ కార్డు, తీయించిన చైను కడ్డీలు అన్నీ ఒకచోట చేర్చి, ఆనాటి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి ఫొటోలు తీయాలి. వాచీలో ఉన్న లోపం మీరే ముందు చెప్పాలి.

వాచీ ఇచ్చి డబ్బు తీసుకోవడం పగటిపూట, బ్యాంకు శాఖ లాంటి జనం ఉన్న చోట జరగాలి. డబ్బు పంపినట్టు ఎదుటివారు తమ ఫోనులో చూపించే తెరను నమ్మి వాచీ ఇవ్వకూడదు, మీ ఖాతాలో జమ అయినట్టు మీ ఫోనులో చూసుకున్నాకే ఇవ్వాలి. ఇది నేను కౌంటరు వెనక కూర్చుని చూసిన అనుభవంతో చెబుతున్న మాట. ఒకే అమ్మకానికి రెండు లక్షల రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. సొంత వాడకానికి ఉంచుకున్న మామూలు వాచీని అమ్మితే వచ్చే లాభాన్ని సాధారణంగా మూలధన లాభంగా చూడరు గానీ, బంగారంతో, రాళ్ళతో చేసినదైతే అది నగల కిందికి వస్తుంది కాబట్టి ముందే ఆడిటరును అడగడం మంచిది.

చివరికి రెండు సెల్లు క్రోనోగ్రాఫులూ, రెండో డైవింగ్ వాచీ అమ్మాను, రెండు ఇచ్చేశాను, పదిహేను కాస్తా పది అయ్యాయి. అమ్మగా వచ్చిన డబ్బును విడిగా పెట్టాను, అది స్పీడ్‌మాస్టర్ మొదటి సర్వీసింగుకు. పెళ్ళిళ్ళకు టైటాన్ ఎడ్జ్, అత్తవారు పెట్టిన బంగారు రంగు టైటాన్, రైలు ప్రయాణాలకు కాసియో ఎఫ్-91డబ్ల్యూ ఎప్పటిలాగే ఉన్నాయి, వాటి జోలికి వెళ్ళే కారణం పుస్తకంలో కనిపించలేదు. ఓరియంట్ బాంబినో ఒక్కటే ఇంకా బ్రాడీపేటలో ఉంది. దాని కోసం వెళ్ళాలని ఇంతవరకు అనిపించలేదు గానీ, దాని ఉబ్బెత్తు అద్దం అప్పుడప్పుడూ గుర్తొస్తోంది. వచ్చే రోహిణి కార్తె దాకా దానికి గడువిచ్చాను.